గజ్జె కడితే గంజి ఎవరు పోస్తారు?

మాది ఆత్రేయపురం అని చెప్పగానే ఎదుటివాళ్ల మొహం కళకళలాడిపోతుంది. అది నన్ను చూసి కాదు సుమండీ! నేను రాసిన నవలల పేర్లు అడిగితే నలుగురిలో ముగ్గురు నీళ్లు నములుతారు. ఆ కళంతా పూతరేకులది. "అయితే ఈసారి వచ్చేటప్పుడు నాలుగు పెట్టెలు..." అంటూ మొదలెడతారు. 2023లో మా పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిందేమో, మావాళ్ల కాళ్లు నేలమీద ఆనడం లేదు.

ఒక బోర్లించిన కుండ, దాని పొట్టలో ఎండుటాకుల మంట, జయ బియ్యం రుబ్బిన పల్చటి పిండిలో ముంచి కుండమీద పరిచి లాగేసే గుడ్డముక్క. సరంజామా అంతా ఇంతే. ఉల్లిపొరలాంటి రేకు కుండకి అంటుకుని ఉంటుంది. దాన్ని చిరగకుండా తీసే ఒడుపు మాత్రం ఏ అంగట్లోనూ దొరకదు. నాకు ఇరవై ఏళ్లయినా పట్టుబడలేదు. మా తోటికోడలికి నెలరోజుల్లో వచ్చేసింది. అంచేత మా ఇంట్లో రాసేది నేను, సంపాదించేది తను.

మా మండలంలో పూతరేకులు కాక మరో రెండు వింతలున్నాయి. ఒకటి లొల్ల లాకులు. కాలవ గట్టూ, చెట్ల నీడా, నీళ్ల హోరూ చూసి సినిమావాళ్లు ఏళ్ల తరబడి కెమెరాలు మోసుకొస్తున్నారు. హీరోయిన్ ఎండలో నిలబడి ఉంటే మా ఊరి ఆడపిల్లలు గట్టుమీద కూర్చుని చూస్తుంటారు. రెండోది ర్యాలి. అక్కడి జగన్మోహినీ కేశవస్వామి ఒకే రాతిలో ముందు పురుషుడు, వెనక స్త్రీ. ముందునించి దణ్ణం పెట్టుకుని వెనక్కి వెళ్లి చూస్తే సాక్షాత్తూ మోహిని, కొప్పుతో సహా! దేవుడికే వేషం వేయడం సరదా అయిన సీమ మాది. మరి మా పిల్లలకి ఆ పిచ్చి పట్టిందంటే ఎవర్ని అనాలి?

పట్టింది ఎవరికో కాదు, మా మరిది కూతురికే. బి.కాం. అయింది. చిన్నప్పటినించీ సంగీతం నేర్చుకుంది. సరళీలు, జంటలు, అలంకారాలు, గీతాలు దాటి వర్ణాల దాకా వచ్చింది. కాలేజీలో ఉండగా ఎవరో నాటికలో పాట పాడే వేషం ఇచ్చారు. పాడింది, ఏడ్చింది, ఏడిపించింది. అంతే! ఆ తరవాత చుట్టుపక్కల పరిషత్తుల్లో నాలుగైదు నాటికలు వేసింది. ఇప్పుడు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల్లో రెండేళ్ల చదువు ఉంది, అది చదువుతానంటుంది. "పాటా, నటనా రెండూ కావాలి నాకు. ఒకటి వదులుకుని రెండోది ఎంచుకోమంటే నావల్ల కాదు పెద్దమ్మా" అంటుంది.

వాళ్ల నాన్న మాత్రం బ్యాంకు పరీక్షల పుస్తకాలు కొనుక్కొచ్చి బల్లమీద పెట్టాడు. "గజ్జె కడితే గంజి ఎవరు పోస్తారు?" అన్నాడు. మా మరిది మాట పొదుపు మనిషి. ఏడాదికి ఇలాంటివి రెండో మూడో అంటాడు, అవి ఇంట్లో అందరికీ గుర్తుండిపోతాయి.

పంచాయితీ నా దగ్గరికొచ్చింది. కథలు రాసేదాన్ని కనక పిల్ల నన్ను తన పక్షం అనుకుంది. వయసు మీదపడుతున్నదాన్ని కనక మరిది తన పక్షం అనుకున్నాడు. "మీరు చెబితే వింటుంది వదినా" అన్నాడు. ఏం చెప్పాలో తేల్చుకోవడానికి నేను ఎక్కడికో పోలేదు. రావులపాలెం పక్కనే ఉన్న రావులపాడు దాకా వెళ్లాను. కాళ్లతో కాదు లెండి, మనసుతో.

రావులపాడు అనగానే మీకు గుర్తుకు రావాలి. రాకపోతే నేను గుర్తుచేస్తాను. రేలంగి వెంకటరామయ్యగారు పుట్టిన ఊరు అది. 1910లో పుట్టారు. మాయాబజార్‌లో లక్ష్మణకుమారుడు, మిస్సమ్మలో దేవయ్య, పాతాళభైరవిలో రాజుగారి బావమరిది. తెరమీదికి ఆయన రాగానే హాల్లో నవ్వు ముందే మొదలయ్యేదని మా అత్తగారు చెప్పేవారు. అయితే ఆయన హాస్యనటుడే తప్ప సంగీతం మనిషి అని చాలామంది తలచరు. ఆయన తండ్రి పిల్లలకి సంగీతమూ, హరికథా నేర్పినవారు. తల్లి చిన్నతనంలోనే పోయింది. పినతల్లి పెంచింది. ఆ ఇంట్లో పిల్లాడికి శ్రుతీ లయా ఉగ్గుపాలతోపాటు పోసి ఉంటారు. పాతాళభైరవిలో ఆ బావమరిది విరహం పడుతూ పాడే పాట ఆయన సొంత గొంతే. మిస్సమ్మలో దేవయ్య పాటలూ అంతే. ఈసారి టీవీలో వచ్చినప్పుడు నవ్వడం కాస్త ఆపి, ఆ గొంతు శ్రుతిలో ఎంత నిబ్బరంగా నిలబడిందో వినండి. నవ్వు పుట్టించడానికి తప్పుగా పాడినట్టు అనిపించాలంటే, ముందు తప్పు లేకుండా పాడటం వచ్చి ఉండాలి మరి.

అసలు మా గోదావరి వైపు పాటా నటనా వేరువేరు విద్యలు కావు. హరిదాసుని చూడండి. కాళ్లకి గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో దండ. పది నిమిషాల్లో తనే దశరథుడు, తనే కైక, తనే మంథర. ఏడుపు ఒక రాగంలో, కోపం మరో రాగంలో, మధ్యలో ఊళ్లోవాళ్ల మీద ఓ చిన్న చమత్కారం. గానం, నృత్యం, అభినయం, కవిత్వం అన్నీ ఒక్క మనిషి భుజాన. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసుగారు ఆ ఒక్క మనిషిని ఎంత ఎత్తుకి తీసుకెళ్లారంటే, 1919లో అక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలు ఆయనే అయ్యారు. హరికథ చెప్పేవాడు ప్రిన్సిపాలు! మా మరిదికి ఈ మాట చెబితే, "అది 1919 వదినా" అన్నాడు.

సరే, రేలంగిగారి దగ్గరికొద్దాం. కుర్రతనంలో ఆయన కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో చేరారు. ఆ క్లబ్బు ఎలాంటిదో తెలుసా? ఎస్.వి. రంగారావుగారు, అంజలీదేవిగారు, ఆదినారాయణరావుగారు అందులోంచి వచ్చినవాళ్లే. అక్కడ రేలంగిగారు ఆడవేషాలు కట్టేవారు. ఇప్పటివాళ్లకి నవ్వొస్తుంది కానీ అప్పటికి అది పెద్ద విద్య. రాయలసీమలో సురభివాళ్లు 1885నించే తమ కుటుంబాల ఆడవాళ్లచేతనే ఆడవేషాలు వేయించారు. కోస్తాలో మాత్రం చాలాకాలం సత్యభామకి మీసం గీసుకోవలసి వచ్చేది. స్థానం నరసింహారావుగారు జడ వేసుకుని రంగం మీదికి వస్తే, నిజం సత్యభామ ఇంతకంటే బాగుంటుందా అనుకునేవారట. ర్యాలి స్వామివారి సంప్రదాయమే అనుకోండి.

1935లో రేలంగిగారికి సినిమాలో వేషం దొరికింది. శ్రీకృష్ణ తులాభారం. అప్పటికి ఆయనకి పాతికేళ్లు. పెళ్లయి రెండేళ్లయింది. తెలుగు సినిమాలు తెలుగుదేశంలో తీసే రోజులు కావవి. కలకత్తా పోవాలి, లేదా బొంబాయి, లేదా మద్రాసు. అప్పట్లో ఎవరి పాట వాళ్లే పాడుకోవాలి. తెరవెనక ఒకరు పాడితే తెరమీద మరొకరు పెదవులాడించే ఏర్పాటు ఇంకా రాలేదు. పాట రాని మొహానికి తెరమీద చోటు తక్కువ. అలాంటప్పుడు పాటా ఆటా రెండూ వచ్చిన కుర్రాడు రాత్రికి రాత్రి వెలిగిపోయి ఉండాలి కదా?

వెలగలేదు. ఇక్కడే నేను మా అమ్మాయిని కూర్చోబెట్టి లెక్క చెప్పాను. 1935లో మొదటి సినిమా. ఆయన పేరు జనం నోట పడింది 1948లో వింధ్యరాణి, 1949లో గుణసుందరి కథ వచ్చాక. మధ్యలో పదమూడేళ్లు. ఆ పదమూడేళ్లూ ఆయన సి. పుల్లయ్యగారి దగ్గర నిర్మాణం పనులు చూసుకుంటూ, దొరికిన చిన్న వేషం వేసుకుంటూ గడిపారు. పుల్లయ్యగారిదీ కాకినాడే. 1934లో లవకుశ తీసి పేరుపొందినవారు. 1939లో ఆయన కలకత్తాలో వరవిక్రయం తీసినప్పుడు పద్నాలుగేళ్లయినా నిండని ఒక పిల్ల మొదటిసారి తెరమీదికొచ్చింది. ఆ పిల్లే భానుమతిగారు. ఆవిడ మొదటి సినిమాతోనే తనెవరో తెలియజెప్పింది. ఆవిడ గొంతూ, ఆవిడ నటనా, తరవాత ఆవిడ రాసిన అత్తగారి కథలూ అన్నీ మనవే అయిపోయాయి. ఆ సినిమాకే పనిచేసిన రేలంగిగారు మాత్రం ఇంకో పదేళ్లు ఆగాలి. ఒకే గుమ్మం ముందు ఇద్దరు నిలబడితే ఒకరికి తలుపు అప్పుడే తెరుచుకుంటుంది, ఇంకొకరికి గడియ తీసే మనిషి ఇంట్లో ఉండడు.

"ముప్పై తొమ్మిదేళ్లకి నిలదొక్కుకున్నారే తల్లీ. నీకిప్పుడు ఇరవై ఒకటి. పదమూడేళ్లు ఆగగలవా?" అని అడిగాను. అది నేను కూడగట్టుకున్న పెద్ద బాణం.

ఆ పిల్ల కాసేపు గోళ్లు చూసుకుంది. తరవాత, "ఆ పదమూడేళ్లూ ఆయన ఇంట్లో పొయ్యి ఎలా వెలిగింది పెద్దమ్మా?" అంది.

చూశారా! నాన్న అడిగిందీ అదే, కూతురు అడిగిందీ అదే. ఒకరికి వెక్కిరింత, ఒకరికి అవసరం. నాకు మాత్రం అప్పుడు రేలంగిగారు కాదు, ఆయన ఇల్లాలు కనిపించింది. 1933లో తాళి కట్టించుకుని, రెండేళ్లకి మొగుడు సినిమాల్లోకి వెళితే, ఆ తరవాత పదమూడేళ్లు "మీ ఆయన ఏం చేస్తుంటారు?" అని పేరంటాల్లో అడిగినవాళ్లకి ఆ ఇల్లాలు ఏం చెప్పి ఉంటుంది? "సినిమాల్లో" అంటే "ఏ సినిమా?" అంటారు. పసుపు రాయించుకుంటూ ఎన్నిసార్లు మాట మార్చి ఉంటుందో! 1970లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఆయన పేర సినిమాహాలు లేచింది. 1975లో ఆయన పోయారు. మూడువందల పైచిలుకు సినిమాల లెక్క అందరూ చెబుతారు. ఇల్లాలి పద్దులో ఆ పదమూడేళ్లనీ నేనైతే వేరే పేజీలో రాస్తాను.

ఇక పిల్ల తల్లి సంగతి. మా తోటికోడలి భయం డబ్బు గురించి కాదు, రాత్రి గురించి. పరిషత్తు నాటికలు సాయంత్రం ఏడింటికని కాగితంలో వేస్తారు. సభలు, సన్మానాలు, శాలువాలు అయి తెర లేచేసరికి తొమ్మిదిన్నర. మూడో నాటిక మీదైతే ఇంటికొచ్చేసరికి కోడి కూస్తుంది. నాటకంలో మగవేషం వేసినవాళ్లు సైకిళ్లమీదా మోటారుసైకిళ్లమీదా ఎవరిదారిన వాళ్లు పోతారు. ఆడపిల్ల మొహానికి రంగు కడుక్కుని, బ్యాగు పట్టుకుని, ఎవరు దింపుతారా అని చూస్తూ నిలబడాలి. ఔత్సాహిక సమాజాల్లో ఆడపాత్రలకి మనుషులు తక్కువ. ఒకే ఆవిడ ఇవాళ ఒక సమాజంలో తల్లి, రేపు ఇంకో సమాజంలో కోడలు. రెండు నాటికల మాటలూ బస్సులో కూర్చుని వల్లెవేసుకోవాలి. నాటకానికి ఇంతని ఇస్తారు. చప్పట్లు మాత్రం అందరికీ సమానమే.

ఆవిణ్ణి ఊరడిద్దామని నేను ఒకరోజు సూర్యకుమారిగారి కథ ఎత్తుకున్నాను. తను కుండమీద రేకు తీస్తోంది, నేను పక్కన పీటమీద కూర్చుని చెబుతున్నాను. టంగుటూరి సూర్యకుమారి మన రాజమండ్రి పిల్ల. 1925లో పుట్టింది. ప్రకాశం పంతులుగారి తమ్ముడి కూతురు. పన్నెండేళ్ల వయసులో సినిమాలో కనిపించింది. 1939లో రైతుబిడ్డ, 1941లో దేవత. కృష్ణప్రేమలో నారదుడి వేషం కూడా కట్టింది. చూడు, ఇక్కడ ఆడపిల్ల మగవేషం! శంకరంబాడి సుందరాచారిగారు తెలుగుతల్లి మీద రాసిన పాట ఊరూరికీ చేరిందంటే ఆవిడ గొంతు వల్లనే. మనం బళ్లో రోజూ పాడుకున్న పాటే. తరవాత ఆవిడ ఎక్కడిదాకా వెళ్లిందనుకున్నావు? 1961లో న్యూయార్కులో టాగూరు నాటకం ఇంగ్లీషులో ఆడితే అందులో రాణీ సుదర్శన ఈవిడే. అక్కడి విమర్శకుల బహుమతి కూడా అందుకుంది. లండన్‌లో స్థిరపడి, అక్కడివాళ్లకి మన పాటా ఆటా నేర్పి, 2005లో అక్కడే పోయింది. గోదావరి గట్టున మొదలైన గొంతు!

తోటికోడలు రేకు చిరగకుండా తీసి దొంతరమీద పెట్టింది. "బాగుందక్కా" అంది. "కానీ ఆవిడ ప్రకాశం పంతులుగారి ఇంటిపిల్ల. వీధిలోకి వస్తే ఎవరైనా పక్కకి తప్పుకుంటారు. మనింటి పిల్ల వస్తే పలకరిస్తారు."

ఇంత చదివి, ఇన్ని రాసి, ఆ ఒక్క మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. పలకరిస్తారు! ఈ మాట నా నవల్లో పెట్టుకుంటానని అప్పుడే చెప్పాను. "పెట్టుకో, డబ్బులివ్వాలి" అంది.

జవాబు మర్నాడు దొరికింది. అదీ ఎంతో దూరాన కాదు, మా సీమలోనే. కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల ఉంది. 1970లలో మొదలైంది. అక్కడి జమీందారీ కుటుంబం వారు పెట్టారు. లేనివాళ్ల పిల్లలకి ఉచితంగా తిండీ వసతీ ఇచ్చి హరికథ నేర్పారు. పిల్లలంటే ఎక్కువగా ఆడపిల్లలు. సంగీతం, సంస్కృతం, అభినయం, నాలుగు గంటలు నిలబడి చెప్పే ఓపిక అన్నీ అక్కడే. ఒకప్పుడు హరికథ చెప్పే ఆడది అంటే ఊళ్లో వింత. ఇప్పుడు మా సీమలో శ్రీరామనవమి పందిట్లో భాగవతారిణిగారు రాకపోతే వెలితి. ఆ పాఠశాలలో నేర్చుకున్న ఉమామహేశ్వరిగారు సంస్కృతంలోనూ హరికథలు చెబుతారు. 2024లో ఆవిడకి పద్మశ్రీ వచ్చింది. వాళ్లెవరూ పంతులుగారి ఇంటిపిల్లలు కారు. రాత్రి రెండింటికి కథ ముగించి, మంగళం పాడి, హార్మోనియం, మృదంగం వాళ్లతో కలిసి కారెక్కి ఇంటికి పోతారు. వాళ్లనీ పలకరించేవాళ్లు ఉంటారు. "అమ్మా, మా ఊరికెప్పుడొస్తారు?" అని పలకరిస్తారు.

ఇది చెబితే తోటికోడలు ఏమీ అనలేదు. కుండకింద మంట సర్దింది. మా తోటికోడలు ఏమీ అనకపోవడం ఎలాంటిదంటే, కాలవకి నీళ్లు వదిలేముందు లాకుల దగ్గర ఉండే నిశ్శబ్దం లాంటిది.

ఈ గొడవంతా నడుస్తుండగా మా ఇంట్లో ఒక మూడో సాక్షి ఉంది. అటకమీద. మా మామగారి హార్మోనియం. ఆయన ప్రాథమిక పాఠశాలలో మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పద్యం ఎత్తుకుంటే వీధి చివర్న ఉన్నవాళ్లు పని ఆపేవారట. పెళ్లయిన కొత్తల్లో ఒక నాటక సమాజం వాళ్లు వచ్చి, మాతో పర్యటనకి రమ్మని అడిగారట. ఆయన తండ్రి మాట్లాడకుండా లేచి హార్మోనియం అటకెక్కించారు. అంతే. పెద్ద రభసా లేదు, ఏడుపులూ లేవు. ఆయన ముప్పై ఏళ్లు పిల్లలకి ఎక్కాలు చెప్పారు. అదీ మంచి పనే, కాదనను. నేను కోడలిగా వచ్చాక ఆయన పాడగా ఒక్కసారీ వినలేదు. చివరి రోజుల్లో మంచాన పడ్డారు. అప్పుడు చూశాను. కుడిచేతి వేళ్లు దుప్పటిమీద ఆడుతుండేవి. వణుకు అనుకున్నాను మొదట. వణుకుకి తాళం ఉండదు కదా! వేళ్లు వెనక్కీ ముందుకీ జరిగి, ఒకచోట ఆగి, మళ్లీ మొదటినించీ వచ్చేవి. పక్కన కూర్చున్న మా మరిది కూడా చూశాడు. ఆ రాత్రి మందులు ఇవ్వడం తన వంతు. మేం ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నాకు ఒక్కటి మాత్రం చెప్పబుద్ధేస్తుంది. పిల్లలు కళల్లోకి వెళతామంటే మనం రెండు రకాల కథలే చెబుతాం. ఒకటి పెద్ద పేరొచ్చినవాళ్లది, ఊరించడానికి. రెండోది ఉన్నదంతా ఊడ్చుకుపోయినవాళ్లది, బెదిరించడానికి. ఈ రెంటికీ మధ్యనే అసలు జనం ఉన్నారు. బళ్లో సంగీతం చెప్పుకుంటూ నాటకాలు వేసేవాళ్లు, రేడియోకి పాడేవాళ్లు, టీవీ సీరియళ్లకి గొంతు అరువిచ్చేవాళ్లు, పెళ్లిళ్లలో పాడి పిల్లల ఫీజులు కట్టేవాళ్లు. వాళ్ల జీవితచరిత్రలు ఎవరూ అచ్చువేయరు. వాళ్ల బియ్యం మాత్రం రోజూ ఉడుకుతూనే ఉంటుంది. మా అమ్మాయికి సంగీతం చెప్పిన పంతులమ్మగారు అలాంటి మనిషే. కాకపోతే ఆవిడ ఫీజు పెంచమని అడగడానికి ఎనిమిదేళ్లు సిగ్గుపడింది. కళ నేర్చినవాళ్లకి ముందు ఆ సిగ్గు పోగొట్టే పాఠం ఒకటి పెట్టాలి.

ఆ పాఠం మా పిల్లకి మాత్రం అక్కర్లేకపోయింది. ఒక కాగితంమీద లెక్క వేసి తెచ్చింది. ప్రవేశపరీక్షలో నెగ్గితే రెండేళ్లు హాస్టలు ఖర్చు ఇంత. ఈలోగా ఆరునెలలపాటు రావులపాలెంలో పదిమంది పిల్లలకి ఉదయం సంగీతం చెబితే ఇంత. చదువు అయ్యాక బళ్లలో నాటక శిక్షణకి మనుషుల్ని తీసుకుంటే ఇంత, తీసుకోకపోతే మళ్లీ సంగీతం పాఠాలే. పదమూడేళ్లు అన్న చోట మాత్రం సున్నా చుట్టి ప్రశ్నార్థకం పెట్టింది. నిజాయితీగల పిల్ల.

మరిది ఆ కాగితం రెండువైపులా చదివాడు. వెనకవైపు ఏమీ లేదు, అయినా చదివాడు. "ఈ మొదటి అంకె ఎవరిస్తారు?" అన్నాడు.

"నేను" అంది మా తోటికోడలు.

మా ఇంట్లో రేకుల డబ్బు ఎటు పోతోందో ఎవరూ అడగలేదు ఇన్నాళ్లూ. గ్యాసు బండకీ, చుట్టాల చీరలకీ, ఆయన మోటారుసైకిలు టైర్లకీ పోతోందనుకున్నాం. పోనూ మిగిలినది ఆవిడ పోస్టాఫీసులో వేసుకుంటోంది. పుస్తకం తెచ్చి మొగుడి ముందు పెట్టింది. "పెళ్లికని దాచేను. పెళ్లి ఎప్పుడైనా చేయచ్చు. రెండేళ్లు దాని గంజి నేను పోస్తాను. ఆ తరవాత దానిది అది కాచుకోవాలి. మనకి పోయకపోయినా సరే" అంది. గొంతు పెంచలేదు. చేతులకి పిండి కూడా ఇంకా అలాగే ఉంది.

మరిది పుస్తకం మూసి బల్లమీద పెట్టి, చొక్కా వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. కోపమొచ్చిందనుకున్నాం. రాత్రి భోజనానికి వచ్చాడు. పప్పు బాగుందన్నాడు. మూడురోజులు ఆ ప్రస్తావనే లేదు. అమ్మాయి తన గదిలో ప్రవేశపరీక్షకి పద్యాలు పాడుకుంటోంది. అడుగుతారట, నటనతోపాటు పాట వస్తే పాడమంటారట. హరిశ్చంద్రుడి పద్యం ఎత్తుకుంది. ఇంటిల్లిపాదిమీ ఎవరి పనుల్లో వాళ్లం ఉన్నట్టు నటిస్తూ వింటున్నాం. నటన మా ఇంట్లో ఇంతమందికి వచ్చని నాకు తెలియదు.

పద్యం చివర్న రాగం తీస్తూ ఒకచోట పిల్ల తడబడింది. మళ్లీ తీసింది. మళ్లీ అక్కడే. వసారాలో పేపరు చదువుకుంటున్న మరిది పేపరు దించకుండానే, "అక్కడ అంత సాగదీయకు. మీ తాత అక్కడ ఊపిరి పీల్చుకునేవారు" అన్నాడు.

తండ్రి పాడగా తను ఎప్పుడు విన్నాడో మరి! నేను కోడలిగా రాకముందు సంగతి అయి ఉంటుంది. లేదా హార్మోనియం అటకెక్కినా మామగారు పిల్లల కోసం గొంతు మాత్రం కిందే ఉంచుకున్నారేమో.

ఆదివారం నిచ్చెన వేయించి పెట్టె దింపాడు. తిత్తి ఎలకలు కొరికేశాయి. నాలుగు మెట్లు పలకడం లేదు, రెండు పలికితే ఆగడం లేదు. ఆటోలో పెట్టుకుని రాజమండ్రి తీసుకెళ్లి బాగుచేయించి తెచ్చాడు. పద్దెనిమిది వందలయిందట. మా తోటికోడలు ఆ పద్దు కూడా తన పుస్తకంలోనే రాసుకుని, పక్కన బ్రాకెట్లో "ఆయన దగ్గర వసూలు చేయవలెను" అని వేసింది.